వంతకూ ఒక వంతు
పల్లె పాటను ముగ్గురు కలిసి పాడతారు. ప్లేటు మీద పేరు మాత్రం ఒక్కరిదే పడుతుంది. నూరేళ్ల కిందటి ఒక మిల్లు ఊరి కథ సూరత్ మగ్గాల దగ్గరున్న తెలుగువారికి అంత దూరమేమీ కాదు.

సూరత్ నుంచి బార్డోలీ వెళ్లే రోడ్డు, ముంబై-అహ్మదాబాద్ జాతీయ రహదారి ఒకదాన్నొకటి దాటుకునే చోట కడోదరా ఉంది. లారీల వాళ్లకు అది చార్ రస్తా. పనికోసం వచ్చినవాళ్లకు నేత షెడ్లు, అద్దకం మిల్లులు, నలుగురైదుగురు సర్దుకుని ఉండే అద్దె గదులు. గుజరాతీ కంటే ఒరియా, హిందీ, భోజ్‌పురి ఎక్కువగా వినిపించే సూరత్ జౌళి వలయంలో తెలుగుకూ పాత చిరునామాలే ఉన్నాయి. చేనేత చితికిపోయాక కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి కదిలిన పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భీవండిలతో పాటు సూరత్‌కూ చేరాయి. లింబాయత్, ఉధ్నా వంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు పెట్టింది.

ఈ వలసలో మగ్గం మారింది. దాంతోపాటు పాట సంగతీ మారింది. గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడికి లయ ఒంట్లోనే ఉండేది. కాలితో తొక్కుతూ, చేత్తో నాడె విసురుతూ, ఆ దరువు మీదే కూనిరాగం తీసుకోవచ్చు. సిరిసిల్లలో సాంచా అనే మరమగ్గం దగ్గర ఆ వీలు లేదు. పదుల మగ్గాలు ఒకేసారి కొట్టుకునే షెడ్డులో పక్కవాడు చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినపడదు. పన్నెండు గంటల షిఫ్టులో పాటకు చోటుండదు. అది షిఫ్టు దిగాక గదికి, అరుగు మీదికి, పండగ రాత్రికి వాయిదా పడుతుంది. వాయిదా పడిన కొద్దీ దానికి ఇంకో బరువు కూడా వచ్చి చేరుతుంది. ఊళ్లో అది ఒట్టి పాట. ఊరు దాటాక అది 'మా ఊరి పాట'.

అమెరికాలో 'కంట్రీ' అనే సంగీతం పుట్టింది సరిగ్గా ఈ వాయిదా పడిన పాటలోంచే. కంట్రీ అనగానే మనకు పెద్ద అంచు టోపీ, గుర్రం, కనుచూపు మేర పొలం గుర్తొస్తాయి. సినిమాలు చూపించిన బొమ్మ అది. అసలు చరిత్రలో పొలం కన్నా ముందు కనిపించేది నూలు మిల్లు. అప్పలాచియన్ కొండల దిగువన కరోలినా రాష్ట్రాల్లో, వర్జీనియాలో, జార్జియాలో 19వ శతాబ్దం చివరి నుంచి జౌళి మిల్లులు వరసగా లేచాయి. పత్తి ధర పడిపోయి, కౌలు గిట్టక దిగాలుపడిన తెల్లజాతి పేద రైతులు పెళ్లాంబిడ్డలతో అక్కడికి చేరారు. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, చాలాచోట్ల చర్చికి చందా కూడా కంపెనీదే. పదేళ్ల పిల్లలు కూడా పనిలోకి వెళ్లేవారు. సైరన్‌కు లేచి సైరన్‌కు దిగే ఆ మనుషులు సాయంత్రం వరండాల్లో ఫిడేలు, బాంజో తీసేవారు.

1923లో అట్లాంటాలో ఒకే కంపెనీ రికార్డు చేసిన ఫిడ్లిన్ జాన్ కార్సన్ పాటలు అమ్ముడుపోవడంతో ఈ సరుకుకు గిరాకీ ఉందని వ్యాపారులకు తెలిసింది. కార్సన్ నూలు మిల్లులో పనిచేసినవాడే. అదే ఏడాది న్యూయార్క్ వెళ్లి పాడిన హెన్రీ విట్టర్ వర్జీనియాలోని ఫ్రైస్ మిల్లు కార్మికుడు. అంటే 'పల్లె సంగీతం' అని లేబుల్ వేసి అమ్మిన తొలి ప్లేట్ల మీద వినిపించింది చాలావరకు పల్లె వదిలొచ్చిన మిల్లు కూలీల గొంతులు. పల్లె పాటకు పల్లె అన్న పేరు పెట్టుకునే అవసరం పల్లె వదిలినవాడికే వస్తుంది మరి.

ఈ వరసలో అందరికన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోవాల్సింది ముగ్గురిని. నార్త్ కరోలినాలో స్ప్రే అనే మిల్లు ఊరు. ఇప్పుడు పక్క ఊళ్లతో కలిసిపోయి ఈడెన్ అయింది. అక్కడ చార్లీ పూల్ అనే నేత కార్మికుడు బాంజో వాయించేవాడు. 1892లో పుట్టిన పూల్ చిన్నతనంలోనే మిల్లులోకి దిగాడు. చేతికి తొడుగు లేకుండా బేస్‌బాల్ బంతి పడతానని పందెం కాసి వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. కుడిచెయ్యి అలా వంకర తిరిగే ఉండిపోయింది. ఆ వంకర వేళ్లతోనే తీగలు మీటే సొంత పద్ధతి ఒకటి పట్టాడు. రెండోవాడు పోసీ రోరర్. వంకర పాదంతో పుట్టి, వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసినవాడు. ఫిడేలు అతనిది. అతని చెల్లెల్ని పూల్ పెళ్లాడాడు. మూడోవాడు నార్మన్ వుడ్లీఫ్. గిటార్. ముగ్గురూ కలిసి పెట్టుకున్న పేరు నార్త్ కరోలినా ర్యాంబ్లర్స్. దేశదిమ్మరులు అని అర్థం చెప్పుకోవచ్చు.

1925 జూలైలో ఈ ముగ్గురూ న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ గుమ్మం తొక్కారు. నాలుగు పాటలు రికార్డు చేశారు. అప్పటికింకా నేటి అర్థంలో ఆల్బమ్ లేదు. ఒక ప్లేటు, రెండు వైపులా చెరో పాట. తొలి ఆల్బమ్ అనదగ్గది ఆ ప్లేటే. ఒక పక్క పేకాట పరిభాషలో ఓడిపోవద్దని చెప్పే పాట, మరో పక్క రాత్రికి మీ కొట్టంలో తలదాచుకోనిస్తారా అని అడిగే బాటసారి పాట. ఆ రోజుల్లో ఇలాంటి ప్లేటు ఇరవై వేలు అమ్ముడుపోతే గొప్ప. ఇది లక్ష దాటింది.

ముగ్గురికీ కలిపి కంపెనీ ఇచ్చింది 75 డాలర్లు. ప్లేటు ధర 75 సెంట్లు. అంటే నాలుగు పాటలకు ముట్టింది వంద ప్లేట్ల ఖరీదు. మిగతా లక్ష ప్లేట్ల మీద వాళ్లకు హక్కేమీ లేదు. ఇందులో మోసమేమీ లేదనే చెప్పాలి. ఒప్పందమే అలాంటిది. పూల్ పాటలు రాసేవాడు కాదు. ఎవరో రాసినవి, ఎక్కడో విన్నవి తన తీరుకు మలచుకునేవాడు. పాట రాసినవాడికో ప్రచురించినవాడికో హక్కు ఉంటుంది గానీ, పాడినవాడికి కూలీ తప్ప వాటా ఉంటుందన్న ఊహ అప్పటికి చట్టంలోనే లేదు. మిల్లులో గజాల లెక్కన కూలీ పుచ్చుకోవడం అలవాటైన చేతులకు పాటల లెక్కన పుచ్చుకోవడం వింతగా కూడా తోచి ఉండదు.

ఆ సంగీతం ఎలా ఉండేదో చెప్పుకోకపోతే ఇదంతా జమాఖర్చుల పద్దులా మిగిలిపోతుంది. అప్పటి దక్షిణాది ఫిడేలు బృందాల్లో నలుగురైదుగురు కలిసి ఒకేసారి హోరెత్తించడం రివాజు. నాట్యానికి ఆ హోరే కావాలి. ర్యాంబ్లర్స్ అలా వాయించలేదు. ఫిడేలు రాగాన్ని సన్నగా పట్టుకుని నడుస్తుంది. గిటార్ కింది తీగల మీద మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. బాంజో ఆ రెంటి మధ్య ఖాళీల్లో చినుకుల్లా పడుతుంది. ముగ్గురిలో ఎవరు ఎప్పుడు ఏం చేస్తున్నారో విడివిడిగా వినిపిస్తుంది. అయినా ఒక్కరిని తీసేస్తే పాట కూలిపోతుంది. మరో ఇరవై ఏళ్లకు బ్లూగ్రాస్ పేరుతో వచ్చిన సంగీతానికి ఇందులో బీజాలున్నాయంటారు. పూల్ గొంతు పెద్ద గొప్పది కాదు, నాసికంగా, కాస్త వెటకారంగా ఉంటుంది. దాన్ని నిలబెట్టింది పక్కనున్న ఇద్దరే.

ఆ ఇద్దరి పేర్లూ ఎక్కడికి పోయాయి? కొలంబియా లేబుల్ మీద చార్లీ పూల్ పేరు విడిగా ఉండేది. మిగతావాళ్లు 'నార్త్ కరోలినా ర్యాంబ్లర్స్' అన్న మాటలో కలిసిపోయారు. 1926లో వుడ్లీఫ్ స్థానంలోకి, రైల్వేలో పనిచేసిన రాయ్ హార్వీ గిటార్ పట్టుకొచ్చాడు. 1928 నాటికి రోరర్ కూడా విడిపోయాడు. 1930 వరకు బృందం 60కి పైగా పాటలు రికార్డు చేసింది. అప్పటికి ఆర్థిక మాంద్యం ముదిరి ప్లేట్లు కొనే నాథుడు లేడు. 1931లో హాలీవుడ్ నుంచి ఒక సినిమాకు సంగీతం వాయించమని పిలుపొచ్చింది. ఆ సంబరంలో వారాల తరబడి తాగిన పూల్ ప్రయాణం కట్టకుండానే మే 21న స్ప్రేలో చనిపోయాడు. 39 ఏళ్లు. 2009లో లౌడన్ వెయిన్‌రైట్ అనే గాయకుడు పూల్ పాటలతో చేసిన ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ అవార్డు వచ్చింది. అందులోనూ తల్చుకున్నది పూల్‌నే. రోరర్, వుడ్లీఫ్‌లను గుర్తుపెట్టుకున్నది పాత ప్లేట్లు ఏరుకునే పరిశోధకులు.

ఇంకో ముగ్గురి సంగతి చూస్తే ఈ మరుపు ఎంత సహజంగా జరిగిపోతుందో తెలుస్తుంది. 1927 జూలై చివర్లో టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్ పట్టణంలో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ తాత్కాలికంగా రికార్డింగ్ సరంజామా పెట్టాడు. అక్కడికి ఏ.పి. కార్టర్, అతని భార్య సారా, ఆమెకు చెల్లెలి వరసయ్యే మేబెల్ వచ్చారు. మేబెల్‌కు అప్పుడు 18 ఏళ్లు, నిండు గర్భిణి. రెండు రోజుల్లో ఆరు పాటలు పాడారు. కంట్రీ సంగీతానికి ఆద్యులుగా చెప్పుకునే కార్టర్ ఫ్యామిలీ తొలి అడుగు అది. పీర్ పద్ధతి కొలంబియాకంటే మెరుగు. పాటకు 50 డాలర్లు, పైన కొంత రాయల్టీ. అయితే రాయల్టీ రావాలంటే పాట ఎవరిదో ఒకరి పేరిట నమోదు కావాలి. అందుకని ఏ.పి. కొండల వెంట తిరిగి పాటలు ఏరుకొచ్చేవాడు. వాటికి మెరుగు పెట్టి తన పేరు పెట్టేవాడు.

ఆ తిరుగుళ్లలో అతని వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఉండేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి. ఏ.పి. మాటలు రాసుకుంటే రిడిల్ బాణీని బుర్రలో పెట్టుకునేవాడు. ఇంటికొచ్చాక కార్టర్లకు వాయించి చూపేవాడు. మేబెల్ గిటార్ వాదన మీద కూడా అతని ప్రభావం ఉంది. కార్టర్ల ప్లేట్ల మీద అతని పేరు లేదు. 1960ల్లో మైక్ సీగర్ వెతికి పట్టుకునే దాకా లెస్లీ రిడిల్ అనే మనిషి ఉన్నాడన్న సంగతే లోకానికి తెలియదు. ముగ్గురి బృందంలో కనిపించని నాలుగోవాడన్నమాట.

మరి ముగ్గురూ సమానంగా పేరున్నవాళ్లే అయితే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు 1987 మార్చిలో వచ్చిన 'ట్రయో' ఆల్బమ్ జవాబు. డాలీ పార్టన్, లిండా రాన్‌స్టాట్, ఎమ్మీలూ హారిస్ కలిసి పాడిన తొలి ఆల్బమ్ అది. స్నేహం అంతకు చాలా ముందుది. 1973లో హూస్టన్‌లో పరిచయమైన లిండా, ఎమ్మీలూ ఇద్దరికీ డాలీ అంటే వల్లమాలిన అభిమానం. ఆ తర్వాత రెండేళ్లకు లాస్ ఏంజెలెస్‌లో ఎమ్మీలూ ఇంట్లో ముగ్గురూ కూర్చుని సరదాగా పాడి చూశారు. మూడు గొంతులూ అక్కాచెల్లెళ్ల గొంతుల్లా కలిసిపోయాయి. 1978లో ఆల్బమ్‌కు పూనుకున్నారు. పది రోజులు కష్టపడి చేతులెత్తేశారు. ముగ్గురి తీరికలూ ఒకచోటికి రాలేదు. పైగా డాలీ ఆర్‌సీఏ కంపెనీ మనిషి, లిండా అసైలమ్ మనిషి, ఎమ్మీలూ వార్నర్ మనిషి. ఒకే ప్లేటు మీద మూడు పేర్లు పడాలంటే స్నేహం ఒక్కటే చాలదు. మూడు ఒప్పందాలు పక్కకు జరగాలి. 1986లో ఆర్‌సీఏతో డాలీ ఒప్పందం ముగిశాక గానీ దారి తెరుచుకోలేదు.

ఆ ఆల్బమ్‌లో విశేషం హంగు లేకపోవడమే. ముగ్గురూ అప్పటికి పాప్ ప్రపంచంలో పెద్ద తారలు. 1980ల మధ్యలో నాష్‌విల్‌లో సింథసైజర్లు, తీగవాద్యాల దండు లేనిదే పాట బయటికి వచ్చేది కాదు. వీళ్లు ఆల్బర్ట్ లీ గిటార్, మార్క్ ఓకానర్ ఫిడేలు, డేవిడ్ లిండ్లీ మాండొలిన్ వంటి పాత వాద్యాలతో వెనక్కి నడిచారు. సలహాదారుగా జాన్ స్టార్లింగ్‌ను పెట్టుకున్నారు. వృత్తిరీత్యా ఆయన చెవి ముక్కు గొంతు శస్త్రవైద్యుడు, మనసురీత్యా బ్లూగ్రాస్ గాయకుడు. పదకొండు పాటల్లో ఒకటి బ్రిస్టల్‌లో కార్టర్లు పాడిన వారమే తొలిసారి పాడిన జిమ్మీ రోజర్స్‌ది. ఇంకొకటి డాలీ తల్లి ఇంట్లో పాడుకునే పాత పాట. ఏవీ లీ పార్టన్ అని ఆ తల్లి పేరు కూడా ఆల్బమ్ మీద వేశారు. పన్నెండు మంది పిల్లల్ని కని టెనెసీ కొండల్లో పెంచిన ఇల్లాలి పేరు అది.

అంతకన్నా ముఖ్యమైనది గొంతుల అమరిక. ఒక పాటలో ఎమ్మీలూ ముందుంటుంది, డాలీ పైన సన్నగా, లిండా కింద నిండుగా అల్లుకుంటారు. ఇంకో పాటలో లిండా ముందుకొస్తుంది, మిగతా ఇద్దరూ వెనక్కి తగ్గుతారు. మరోదానిలో డాలీ. లక్షలమంది తమ పేరు చూసి టికెట్ కొనే స్థాయి గాయనులు, పక్కదాని పాటకు వెనక నిలబడడాన్ని చిన్నతనంగా అనుకోలేదు. ఇక్కడ వెనక గొంతు అంటే ఎవరికీ పట్టనిది కాదు. అది లేకపోతే ముందు గొంతుకు ఒంటరితనం తప్ప ఇంకేమీ మిగలదు. ఆల్బమ్ అమెరికా కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి, మొత్తం జాబితాలో ఆరో స్థానానికి చేరింది. పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. 1988లో గ్రామీ తెచ్చుకుంది. రెండో ఆల్బమ్‌ను 1994లోనే పాడినా, మళ్లీ తీరికల గొడవలతో అది 1999లో గానీ రాలేదు. ఇప్పుడు మూడోది రాదు. నాడీసంబంధ వ్యాధితో తాను ఇక పాడలేనని లిండా 2013లో వెల్లడించింది. మూడింట ఒక గొంతు పోతే మిగిలేది మూడింట రెండు వంతులు కాదు. బృందమే మిగలదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ముగ్గురి పాట తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. బుర్రకథ అంటేనే ముగ్గురు. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ డక్కీలు పట్టుకుని ఇద్దరు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు కథను పరిగెత్తిస్తుంటే హాస్యం చెప్పేవాడు పడగొడతాడు, రాజకీయం చెప్పేవాడు ఈ ఊళ్లో ఇప్పటి సంగతికి ముడిపెడతాడు. ఆ ఇద్దరూ లేకపోతే బుర్రకథ హరికథ అయిపోతుంది. దీని మూలమైన జంగం కథలో పక్కన పాడేది చాలావరకు జంగం ఇంటి ఆడవాళ్లే. 1940ల్లో కమ్యూనిస్టులు ఈ రూపాన్ని పట్టుకుని ఊరూరా తిప్పితే ప్రభుత్వాలు భయపడి నిషేధించాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చాడు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి కథ చెప్పాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ గౌరవానికి ఆయన నూటికి నూరుపాళ్లూ తగినవాడు. అయితే ఆయన పక్కన నిలబడి డక్కీ వాయించినవాళ్ల పేర్లు చెప్పమంటే ఇవాళ ఎంతమంది చెప్పగలరు?

తప్పు జ్ఞాపకశక్తిది కాదు. మన భాషలోనే ఉంది. ఆ ఇద్దరినీ మనం 'వంతలు' అంటాం. 'వాడికి వీడు వంత పాడుతున్నాడు' అంటే తెలుగులో అది తిట్టు. 'తాన అంటే తందాన' అన్నా అంతే. సొంత బుద్ధి లేనివాడని అర్థం. ముగ్గురు కలిసి పాడే కళను అంత గొప్పగా పెంచుకున్న జాతి, అందులో ఇద్దరి పనిని నిందావాచకంగా మార్చుకుంది. వంత పాడేవాడు నిజానికి కథకుడిని అడ్డుకుంటాడు, ప్రశ్నిస్తాడు, ఎగతాళి చేస్తాడు, ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాడు. తానతందాన అనే పని అందులో అతి తక్కువ.

భాషలో మొదలైనది లెక్కల్లోకి వచ్చేసరికి డబ్బవుతుంది. 2023లో 'బలగం' సినిమా చివర బుడగజంగాల పాట విని తెలంగాణ పల్లెలు తెరల ముందు కూర్చుని ఏడ్చాయి. పాడినవారు వరంగల్ ప్రాంతపు దంపతులు మొగిలయ్య, కొమురమ్మ. అదృష్టవశాత్తు అక్కడ ఇద్దరి పేర్లూ జనం నోట నిలిచాయి. పేరు నిలిచిన కొద్ది కాలానికే మొగిలయ్యను మూత్రపిండాల జబ్బు మంచాన పడేసింది. 2024 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యది ఇంకో కథ. 'భీమ్లా నాయక్' పాటతో దేశమంతా వినిపించారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. పేరు వచ్చినవాళ్ల పరిస్థితే ఇదైతే, వాళ్ల వెనక గొంతు కలిపి పేరు రానివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

జానపదానికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. సినిమా పాటకు రాసినవారు, బాణీ కట్టినవారు ఉంటారు, వాళ్ల హక్కు స్పష్టం. జానపదానికి కర్త ఊరు. ఊరికి రాయల్టీ పంపడం ఎవరికీ తెలియదు. అందుకే ఎవరు ముందుగా రికార్డు చేసి 'సేకరణ' అని తన పేరు వేసుకుంటే పాట వాళ్లదవుతుంది, బ్రిస్టల్‌లో ఏ.పి. కార్టర్‌దైనట్టు. ఇక పాడినవాళ్లకు మిగిలేది ప్రదర్శన హక్కు ఒక్కటే. మన దేశంలో అది 1994 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చింది. ప్రదర్శనకారుడి నిర్వచనంలో గాయకుడు, వాద్యకారుడితో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసి, సినిమాలో వాడుకోవడానికి సంతకం పెట్టి ఒప్పుకున్నా సరే, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడినప్పుడు కళాకారుడికి రాయల్టీ దక్కాలంది. దాన్ని వసూలు చేసేందుకు 2013లో గాయకుల సంఘం ఒకటి ఏర్పడింది. సినీ గాయకులకు ఆ సంగతులు తెలుసు. పెళ్లికి డప్పుతో వచ్చి, యూట్యూబ్ కెమెరా ముందు ఒక రోజు కూలీకి పాడి వెళ్లే ముగ్గురికి ఎవరు చెప్పాలి?

చట్టం వంతను విడిగా చూడదు. ముందు గొంతు, వెనక గొంతు అన్న తేడా అందులో లేదు. తేడా కాగితం దగ్గర వస్తుంది. ఒప్పంద పత్రంలో ఎవరి పేరు ఉంటే వాళ్లే ప్రదర్శనకారులు. 'బృందం' అని ఒక్క మాట రాస్తే ఆ ఇద్దరూ 'నార్త్ కరోలినా ర్యాంబ్లర్స్' అయిపోతారు.

ఒకప్పుడు దీనికి ఒక సాకు ఉండేది. ప్లేటు మీద చోటు తక్కువ, క్యాసెట్ అట్ట ఇంకా చిన్నది. ఇప్పుడు పాటకు అట్టే లేదు. ఫోన్ తెర కింద వివరాల పెట్టెలో ముగ్గురివీ కాదు, ముప్పై మంది పేర్లు పడతాయి. రికార్డింగ్‌కు న్యూయార్క్ వెళ్లక్కర్లేదు, హైదరాబాద్ కూడా వెళ్లక్కర్లేదు. కడోదరాలో షిఫ్టు దిగిన ముగ్గురు స్నేహితులు ఒక డప్పు, ఒక హార్మోనియం, మూడు గొంతులతో గదిలోనే తమ తొలి ఆల్బమ్ పాడుకోగలరు. సాంకేతికత దారి తీసింది. మిగిలిన పని కష్టమైనదేమీ కాదు. ఎవరు ముందు పాడారు, ఎవరు వంత పట్టారు, డప్పెవరిది, పాట ఏ ఊరిది, ఎవరి దగ్గర విన్నది అనే నాలుగు ముక్కలు పాటతో పాటే రాసిపెట్టుకోవాలి. వచ్చేదెంతైనా ఎవరి వాటా ఎంతో స్నేహం బాగున్న రోజునే తేల్చుకోవాలి. డాలీ, లిండా, ఎమ్మీలూలకు న్యాయవాదులు చేసిపెట్టిన ఆ పనిని ఇక్కడ ఒక పేజీ తెలుగులో చేసుకోవచ్చు.

వంత, వంతు అన్న మాటలకు తెలుగులో తేడా ఒక్క కొమ్మే. ఇన్నాళ్లూ వంత పాడినవాడికి ఆ కొమ్ము పెట్టడం మరిచాం.